క్యాంపు నుంచి వచ్చిన పిల్లల చేతికి ఏమివ్వాలి? బైబిలు, యాపు, వర్క్‌బుక్కు, నోటుబుక్కు, పోస్టుకార్డు: కడప నుంచి ఒక సమీక్ష

మే నెలలో సంఘాలు పిల్లలకు పెట్టే వేసవి బైబిలు క్యాంపు ముగుస్తుంది. చివరి రాత్రి క్యాంప్ ఫైర్ చుట్టూ నిలబడి యేసును వెంబడిస్తామని తీర్మానం చేసుకున్న పిల్లలు మర్నాడు బస్సెక్కి పులివెందులకో, ప్రొద్దుటూరుకో, రాజంపేటకో వెళ్లిపోతారు. ఆ వచ్చే ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్తారు, సంఘమంతా సంతోషపడుతుంది. జూన్ మొదట్లో ఇంటర్ కాలేజీలు, 12వ తేదీ ప్రాంతంలో బడులు తెరుస్తారు. జులై వచ్చేసరికి వాళ్లలో కొందరు వెనక వరసలో ఫోను చూసుకుంటుంటారు, కొందరు ఆదివారం పూట ట్యూషన్‌లో ఉంటారు, కొందరు హాస్టల్లో చేరిపోయి కంటికే కనబడరు.

క్యాంపులో రోజుకు రెండు మూడు సార్లు వాక్యం. పక్క మంచం మీద పిల్లల్ని చూసుకునే కౌన్సిలర్ అన్న. ఫోను ఉండదు. పాడుదామంటే గొంతు కలపడానికి యాభై మంది. ఇంటికొచ్చాక ఇందులో ఒక్కటీ మిగలదు. ఈ ఖాళీని పూడ్చడానికి అంటూ మన దగ్గర రకరకాల వస్తువులు ఉన్నాయి: క్యాంపు బహుమతిగా ఇచ్చే బైబిలు, ఫోన్లో వేయించే యాపు, ఖాళీలు పూరించే ఫాలో అప్ పుస్తకం, వాట్సాప్ గ్రూపు. కడప, కర్నూలు, అనంతపురం వైపు సండే స్కూలు టీచర్లు, యూత్ లీడర్లు, అయ్యగార్లు (పాస్టర్లు) వేటికి డబ్బు పెట్టాలో, వేటిని వదిలేయాలో చెప్పడానికే ఈ సమీక్ష.

ప్రతి వస్తువునూ ముగ్గురు పిల్లల్ని కళ్లముందు పెట్టుకుని తూకం వేశాం. ఒకరు రెసిడెన్షియల్ కాలేజీలో చేరిన ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల: ఫోను లేదు, ఆదివారం కూడా స్టడీ అవర్, బయటికి వదిలేది ఎప్పుడో ఒకసారి. రెండోవాడు ఇంట్లోనే ఉండే తొమ్మిదో తరగతి పిల్లవాడు: ఇంట్లో ఉన్న ఫోను అమ్మది, రాత్రి తొమ్మిది దాటాక చేతికొస్తుంది. మూడో పిల్ల స్నేహితురాలితో పాటు క్యాంపుకు వచ్చి యేసును నమ్ముకున్నది: ఇంట్లో ఇంకెవరూ విశ్వాసులు కారు, బైబిలు తెరిచి పెట్టుకునే వీలు లేదు. ఈ ముగ్గురికీ పనికొచ్చే వస్తువు ఏదో అదే మంచి వస్తువు. సొంత ఫోను, సొంత గది, ప్రార్థించే తల్లిదండ్రులు ఉన్న పిల్లవాడికి ఏదిచ్చినా పనిచేస్తుంది. వాణ్ణి చూసి కొంటే డబ్బు వృథా.

అచ్చు బైబిలు

క్యాంపు బహుమతి అనగానే జిప్పు కవరున్న పెద్ద బైబిలు కొంటారు. ఇచ్చేవాళ్ల తృప్తి అర్థమవుతుంది కానీ ముందు ఒక పరీక్ష పెట్టండి. పుస్తకాల కొట్లోనే మార్కు సువార్త 9వ అధ్యాయం తీసి, 14 నుంచి 18 దాకా ఐదు వచనాలు పిల్లవాడి చేత పైకి చదివించండి. ఎక్కువగా అమ్ముడుపోయేది బైబిలు సొసైటీ వారి పాత అనువాదం. ఆ భాష గ్రాంథికం. "చేయుచుండగా", "నిమిత్తము", "పిమ్మట" లాంటి మాటలు అవ్వకు కంఠతా వస్తాయి. ఇంగ్లీషు మీడియంలో చదివే మనవడు ఒత్తుల దగ్గరే తడబడతాడు. ఐదు వచనాలకు నాలుగైదు చోట్ల ఆగితే ఆ పిల్లవాడు ఇంట్లో ఒంటరిగా ఆ బైబిలు చదవడు. భక్తి లేక కాదు, చదవడం రాక. ఈ తేడా కనిపెట్టని టీచరు పిల్లవాడి మీద లేనిపోని అభిప్రాయం పెంచుకుంటాడు.

అలాంటి పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే రెండు భాషల బైబిలు ఇవ్వండి. ఖరీదు ఎక్కువే, బరువూ ఎక్కువే, అయినా అది పెట్టెలో పడి ఉండదు. తెలుగు బాగా వచ్చి, భాష మాత్రమే కష్టంగా ఉన్నవాళ్లకు వాడుక భాషకు దగ్గరగా ఉండే అనువాదాలు దొరుకుతున్నాయి. గుడిలో చదివేది ఒకటి, చేతిలో ఉన్నది ఒకటి అయితే పిల్లలు గందరగోళ పడతారని కొందరు పెద్దల అభ్యంతరం. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. మందు ఏమిటంటే కంఠత వాక్యాలు గుడిలో వాడే అనువాదంలోనే నేర్పడం, రోజూ చదువుకునేది మాత్రం అర్థమయ్యే దాంట్లో చదవనివ్వడం.

హాస్టలు పిల్లకూ, ఇంట్లో చాటుగా చదువుకోవాల్సిన పిల్లకూ పెద్ద బైబిలు కంటే కీర్తనలతో కలిపి ఉన్న చిన్న కొత్త నిబంధన మేలు. నోటుబుక్కుల మధ్య ఇమిడిపోతుంది. అక్షరం మరీ సన్నగా ఉన్నది తీసుకోవద్దు. హాస్టల్లో దీపాలార్పే ముందు ఉండే ఆ పది నిమిషాల్లో సన్నక్షరం కళ్లకు ఆనదు. ఒక్క హెచ్చరిక: చాటుగా చదివే పిల్ల విషయంలో, తల్లిదండ్రులకు తెలియకుండా దాచమని పెద్దవాళ్లెవరూ నేర్పకూడదు. పుస్తకం ఇచ్చే ముందే ఆ ఇంటికెళ్లి అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడాలి. వాళ్లు ఒప్పుకోకపోతే పుస్తకం ఇవ్వడం వాయిదా వేసి ఆ ఇంటితో స్నేహం కొనసాగించాలి.

అంచనా: సరైనది ఎంచితే ఐదుకు నాలుగు. అందరికీ ఒకే రకం కొనేస్తే రెండు.

యాపు

యూవర్షన్ బైబిలు యాపు గురించి చెప్పనక్కర్లేదు, చాలా ఫోన్లలో ఉంది. 2008లో మొదలైంది. ఉచితం, ప్రకటనలు రావు. తెలుగులో ఒకటి కంటే ఎక్కువ అనువాదాలు ఉన్నాయి. చదువు ప్రణాళికలు ఉన్నాయి, వాటిని స్నేహితులతో కలిసి చదవొచ్చు, చదివాక అక్కడే ఒక మాట రాయొచ్చు. ఈ కలిసి చదవడమే దీనిలో అన్నిటికంటే విలువైన సంగతి. ముగ్గురు నలుగురు పిల్లలు, ఒక పెద్దక్క కలిసి ఏడు రోజుల ప్రణాళిక పెట్టుకుంటే ఎవరు ఎక్కడ ఆగిపోయారో మూడో రోజుకే తెలిసిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, రోజూ యాపు తెరిస్తే వరస తెగకుండా లెక్క చూపే ఏర్పాటు దగ్గర. పిల్లలు ఆ లెక్క కోసం తెరుస్తారు, ఆనాటి వచనం బొమ్మ చూస్తారు, మూసేస్తారు. లెక్క పెరుగుతుంది, చదివింది ఏమీ ఉండదు. ఒకరోజు తెగిపోతే "ఇంక నా వల్ల కాదు" అని మొత్తం మానేసే సున్నితమైన పిల్లలూ ఉంటారు. ఎన్ని రోజులైంది అని మీరు అడక్కండి. నిన్న చదివిన దాంట్లో ఏ మాట దగ్గర ఆగినావు అని అడగండి.

యాపు వాడేటట్లయితే నాలుగు పనులు మీరే దగ్గర కూర్చుని చేయించండి. తెలుగు అనువాదం ఎంచి, డౌన్‌లోడ్ వీలున్నదైతే ఫోన్లోకి దింపించండి, నెట్ అయిపోయినా చదువుకోవచ్చు. గుర్తుచేసే సమయాన్ని ఫోను నిజంగా చేతిలో ఉండే సమయానికి పెట్టించండి. అమ్మ ఫోను రాత్రి తొమ్మిదికి చేతికొచ్చే పిల్లవాడికి పొద్దున ఆరుకు మోగి ఏం లాభం? చదివేంత సేపూ ఇతర యాపుల నోటిఫికేషన్లు రాకుండా చేయడం నేర్పించండి. చివరగా, ప్రణాళిక ఏడు రోజులకు మించనిది ఎంచండి. ఏడాదిలో బైబిలంతా చదివించే ప్రణాళికను పద్నాలుగేళ్ల పిల్లవాడికి అంటగడితే లేవీయకాండం చేరకముందే ఆగిపోతాడు.

చదవడం బొత్తిగా కష్టమైన పిల్లలకు బైబిల్ డాట్ ఇస్ యాపులో తెలుగు కొత్త నిబంధన వినే వీలుంది. మార్కు సువార్త వింటూ, పుస్తకంలో వేలు పెట్టి అనుసరిస్తే రెండు నెలల్లో చదవడమూ మెరుగవుతుంది. ఇంట్లో అమ్మకు చదువు రాకపోతే ఆమె కూడా పక్కన కూర్చుని వింటుంది. ఈ ఒక్క ఉపయోగం కోసమైనా దీన్ని వేయించమంటాం.

హాస్టలు పిల్లకు యాపు విలువ సున్నా. చాలా ఫాలో అప్ పథకాలు ఇక్కడే చతికిలబడతాయి. క్యాంపు చివరి రోజు అందరి చేతా యాపు వేయించి, లింకు పంపి, పని అయిపోయిందనుకుంటారు. జూన్‌లో ఆ ఫోను ఇంటి బీరువాలోకి వెళ్లిపోతుంది.

అంచనా: ఇంట్లో ఉండే పిల్లలకు మూడున్నర. హాస్టలు పిల్లలకు ఏమీ లేదు.

ఖాళీలు పూరించే ఫాలో అప్ పుస్తకాలు

ఇవి సన్నపాటి పుస్తకాలు, పదో పన్నెండో పాఠాలు ఉంటాయి. వచనం ఇచ్చి దాంట్లో ఒక మాట వదిలేసి పూరించమంటారు. రక్షణ నిశ్చయత, ప్రార్థన, వాక్యం, సహవాసం, సాక్ష్యం అన్న వరస దాదాపు అన్నిట్లో ఒకటే. కొత్తగా నమ్ముకున్న పిల్లకు ఈ వరస మంచిదే, పునాది పడుతుంది. కానీ రెండు లోపాలున్నాయి.

మొదటిది, ఖాళీ పూరించడానికి ఆలోచన అక్కర్లేదు. వచనం చూసి మాట ఎక్కిస్తే సరిపోతుంది. బడిలో గైడు చూసి రాసినట్టే ఒక్క సాయంత్రం కూర్చుని పన్నెండు పాఠాలూ పూర్తిచేసి తెచ్చిచ్చే పిల్లలుంటారు. వారానికి ఒక పాఠం మాత్రమే చేతికివ్వండి, పుస్తకమంతా ఒకేసారి ఇవ్వొద్దు. ఇచ్చిన పాఠానికి కింద మీరే చేత్తో ఒక ప్రశ్న రాయండి: "ఈ వారం ఇది ఎక్కడ కష్టమైంది?"

రెండోది పెద్దది. ఈ పుస్తకాల్లో చాలావరకు వేరే దేశపు పిల్లల కోసం ఆలోచించి రాసి తెలుగు చేసినవి. మన పిల్లల అసలు ప్రశ్నలు అందులో ఉండవు. కడప జిల్లాకు లండన్ మిషనరీ సొసైటీ వచ్చింది 1822లో. ఇక్కడ నాలుగో తరం, ఐదో తరం క్రైస్తవ పిల్లలున్నారు. వాళ్ల కష్టం నమ్మకం లేకపోవడం కాదు, నమ్మకం అవ్వదో నాన్నదో తమదో తేలకపోవడం. వాళ్లకు "యేసును హృదయంలోకి ఆహ్వానించు" అన్న మొదటి పాఠం ఏడోసారి చదివినట్టుంటుంది. అదే బెంచీ మీద ఈ మేలోనే మొదటిసారి సువార్త విన్న పిల్ల కూర్చుని ఉంటుంది. ఇద్దరికీ ఒకే పుస్తకం సరిపడదు.

ఇంకొకటుంది, ఎవరూ గట్టిగా మాట్లాడనిది. పదో తరగతి, ఇంటర్ అడ్మిషన్ల సమయంలో కుల ధృవీకరణ పత్రం ముందుకొస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైన వాళ్లను బీసీ-సీగా 1 శాతం రిజర్వేషన్ కింద లెక్కిస్తారు. క్యాంపులో "మనుషుల ముందు నన్ను ఒప్పుకోండి" అన్న సందేశం విని ఏడ్చిన పిల్లవాడు, నెల తిరక్కముందే, ఎస్సీ హోదా పోకూడదని ఇంట్లోవాళ్లు తన కాగితం మీద రాయించిన ఇంకో మతం చూస్తాడు. నేను అబద్ధికుణ్ణా అని లోలోపల నలిగిపోతాడు. ఎవర్నీ అడగడు, అడిగితే ఇంట్లో వాళ్లకు ఇబ్బందని. ఆ నలుగుడే కొందరిని మెల్లగా గుడికి దూరం చేస్తుంది. దీనికి పాఠంలో జవాబు రాయనక్కర్లేదు. చట్టం ఏం చెప్తుందో తెలిసిన, నోరు జారని ఒక పెద్దమనిషి పిల్లవాడితోనూ, వేరుగా తల్లిదండ్రులతోనూ నిదానంగా మాట్లాడితే చాలు. పదిమంది ముందు ఈ సంగతి ఎత్తి పిల్లవాణ్ణి నిలదీయడం క్రూరత్వం, అది చేయకండి.

అంచనా: పక్కన మనిషి ఉంటే మూడు, పుస్తకం ఒక్కటే అయితే ఒకటి.

రెండు వందల పేజీల నోటుబుక్కు

కిరాణా కొట్లో దొరికే మామూలు రూళ్ల నోటుబుక్కు. మేము అన్నిటికంటే ఎక్కువ సిఫారసు చేసే వస్తువు ఇది. హాస్టల్లో పనికొస్తుంది, ఫోను అక్కర్లేదు, చవక, పోయినా ఇంకోటి కొనుక్కోవచ్చు. రంగురంగుల అట్టతో పేజీకో వచనం అచ్చేసిన డైరీలు బహుమతికి బాగుంటాయి, కానీ అందమైన పుస్తకంలో తప్పు రాయడానికి పిల్లలు జంకుతారు. చివరికి ఖాళీగానే ఉండిపోతుంది.

మామూలు నోటుబుక్కును ఇలా సిద్ధం చేయండి. మొదటి పేజీలో 40 రోజుల చదువు పట్టిక మీ చేత్తో రాయండి. రోజుకు ఒక్క అధ్యాయం: మార్కు సువార్త 16, ఫిలిప్పీయులకు 4, యాకోబు 5, మొదటి యోహాను 5, పది కీర్తనలు. కీర్తనలకు మేము ఎంచేవి 1, 23, 32, 42, 51, 73, 103, 121, 130, 139. మొత్తం నలభై. మత్తయితో మొదలుపెట్టించవద్దు, వంశావళి దగ్గరే మొదటి రోజు నీరసం వస్తుంది. మార్కులో సంగతులు వేగంగా నడుస్తాయి, యేసు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తూనే ఉంటాడు, పిల్లలు కథ వెంట పోతారు. 119వ కీర్తన ఎంత గొప్పదైనా 176 వచనాలు, ఈ పట్టికలో దానికి చోటు లేదు.

కీర్తనల్ని చివర్లో కుప్పగా పెట్టకుండా నాలుగు రోజులకొకటి చొప్పున మధ్యలో కలపండి. 73వ కీర్తన సరిగ్గా నాలుగో వారంలో పడేట్టు చూసుకోండి. దేవుణ్ణి లెక్కచేయని వాళ్లు బాగుపడుతుంటే నేనెందుకు శుద్ధంగా ఉండాలి అని ఆ కీర్తనకారుడు అడిగే ప్రశ్న, బడి తెరిచాక కాపీ కొట్టినవాడికి మార్కులు ఎక్కువొచ్చినప్పుడు పిల్లవాడు అడిగే ప్రశ్నే.

రోజుకు సగం పేజీ. నాలుగు గీతలు కొట్టించండి: మొదటిది తేదీ, అధ్యాయం; రెండోది నాకు తగిలిన మాట ఒక్కటి; మూడోది నాకు అర్థం కానిది ఒక్కటి; నాలుగోది ఈ రోజు ఒకరి కోసం ప్రార్థన, వాళ్ల పేరు. మూడో గీతే అన్నిటికంటే ముఖ్యం. అర్థం కానిది రాయడానికి వీలుందని తెలిసిన పిల్లవాడు అనుమానం వచ్చినప్పుడు పారిపోడు, రాసుకుంటాడు. వారం చివర ఆ గీత మాత్రమే చదివినా పెద్దవాళ్లకు పిల్లవాడి మనసు తెలిసిపోతుంది. మిగతా పేజీలు మీరు చదవొద్దు. అది వాళ్లకూ దేవునికీ మధ్యది. ఈ మాట మొదటి రోజే చెప్పి, నిలబెట్టుకోండి.

ఎక్కడ చెడుతుందంటే, పదో రోజు ప్రాంతంలో. మూడు రోజులు తప్పిపోతాయి, ఒకే రాత్రి నాలుగు అధ్యాయాలు చదివి అందుకోవాలని చూస్తారు, అలసిపోయి వదిలేస్తారు. నియమం ముందే రాసిపెట్టండి: తప్పిన రోజు తప్పినట్టే, ఈ రోజుది ఈ రోజు చదువు. నలభై అధ్యాయాలు యాభై ఐదు రోజులు పట్టినా నష్టం లేదు.

మొదటి వారం ఇంకో చిన్న సంగతి. క్యాంపు నుంచి వచ్చిన పిల్లలు నిద్రలేక, గొంతు బొంగురుపోయి, కొంచెం దిగులుగా ఉంటారు. ఆ దిగులును "అగ్ని చల్లారిపోయింది" అని వాళ్లే భయంగా చెప్పుకుంటారు. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం చూసిన ఏలీయా ప్రవక్త ఆ తర్వాత ఎంతో కాలం కాకముందే చచ్చిపోతానన్నాడు. దేవుడు అతనికి మొదట ఇచ్చింది నిద్ర, దేవదూత చేత రొట్టె, నీళ్లు. మొదటి మూడు రోజులు నోటుబుక్కు మొదలుపెట్టించకండి. పడుకోనివ్వండి, అమ్మ చేతి సంగటి తిననివ్వండి.

అంచనా: నాలుగున్నర.

వాట్సాప్ గ్రూపు

క్యాంపు అయిపోయిన రోజే తెరుస్తారు. మొదటి వారం ఫోటోలు, రెండో వారం పాటలు, మూడో వారం నుంచి గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఎవరో పెట్టిన రాజకీయ వీడియో. మీటింగు సమయం తెలియజేయడానికి మించి దీనిమీద ఆశ పెట్టుకోవద్దు. పెట్టేటట్లయితే అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్ చేయండి, ఇద్దరు పెద్దవాళ్లు అడ్మిన్లుగా ఉండాలి, అందులో ఒకరు ఆడవాళ్లు. ఆడపిల్లల నంబర్లు గ్రూపులో అందరికీ కనబడతాయి కాబట్టి తల్లి నంబరు చేర్చడం క్షేమం. పెద్దవాళ్లెవరూ పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు మగవాళ్లు, విడిగా రాత్రిపూట మెసేజీలు పెట్టకూడదు. ప్రార్థన మనవి కోసమైనా సరే. పిల్ల ఏదైనా వేధింపు సంగతి బయటపెడితే గుడిలోనే సర్దేయాలని చూడకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక వేధింపు సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. సహాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఫాలో అప్ చేసే ప్రతి టీచరుకూ ఈ సంగతి క్యాంపుకు ముందే చెప్పి ఉంచాలి.

అంచనా: రెండు.

యాభై పైసల పోస్టుకార్డు

హాస్టలు పిల్లలకు దీన్ని మించింది మాకు కనబడలేదు. పోస్టుకార్డు ధర 50 పైసలు, ఇన్లాండ్ లెటరు రెండున్నర రూపాయలు. కార్డే మేలు. అందులో దాచడానికి ఏమీ ఉండదు, వార్డెను అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేస్తాడు. మూసిన కవరు అయితే చింపి చూస్తారు, ఒక్కోసారి ఆపేస్తారు. పిల్ల పూర్తి పేరు, గ్రూపు, సెక్షను, హాస్టలు గది నంబరు, పిన్‌కోడ్ జూన్‌లోనే తల్లిదండ్రుల దగ్గర తీసుకోండి. సెక్షను రాయకపోతే కార్డు ఆఫీసులోనే నిలిచిపోతుంది.

నెలకు రెండు కార్డులు. ఆరు వరసలు చాలు. వచనాలతో నింపేయకండి. "బాగా ప్రార్థన చేస్తున్నావా?" అని రాస్తే పిల్లకు పరీక్షలాగా ఉంటుంది. "మార్కు 4లో తుఫాను చదివే రోజు వచ్చిందా? ఆయన నిద్రపోతున్నాడన్న చోట నీకేమనిపించిందో సెలవులకు వచ్చినప్పుడు చెప్పు. వీక్లీ టెస్టులు ఎట్లా రాస్తున్నావు? మీ తమ్ముడు గుడిలో కంజీరా వాయిస్తున్నాడు" అని రాయండి. ఊరి సంగతి ఒకటి, చదువు సంగతి ఒకటి, వాక్యం ఒకటి. రాసే చేతిని మార్చవద్దు. ఒకే అక్క లేదా ఒకే అన్న ఏడాదంతా రాయాలి. ఆడపిల్లకు అక్కే రాయాలి. పరీక్షల నెలలో కార్డు తప్పకుండా వెళ్లాలి, అప్పుడే అందరూ ఆపేస్తారు.

అంచనా: ఐదు.

వారానికి ఒకసారి, ఒక పెద్దమనిషి, నలుగురు పిల్లలు

ఇది కొట్లో దొరకదు కానీ పైవన్నీ ఈ కొక్కేనికి తగిలించినవే. బైబిలు గురించి అడిగేవాళ్లు, నోటుబుక్కులో మూడో గీత చూసేవాళ్లు, కార్డు రాసేవాళ్లు లేకపోతే వస్తువులన్నీ బీరువాలోకి పోతాయి.

ఒక పెద్దవారికి నలుగురు, మహా అయితే ఐదుగురు. ఆరోవాడు చేరితే మాట్లాడని పిల్లవాడు ఒకడు తయారవుతాడు. ఆడపిల్లలకు అక్క, మగపిల్లలకు అన్న, ఎదురుగా మనుషులు తిరిగే చోట: గుడి వరండా, పాస్టరమ్మగారి ఇంటి ముందు అరుగు. ఆదివారం ఆరాధన అయిన వెంటనే పెట్టండి. సాయంత్రం అంటే ట్యూషన్లు అడ్డం, శనివారం అంటే బడి ఉంటుంది. నలభై ఐదు నిమిషాలకు మించవద్దు, ఇంట్లో అన్నం వేళవుతుంది. మొదటి పది నిమిషాలు వారమంతా ఎట్లా గడిచిందో వినడం. పదిహేను నిమిషాలు నోటుబుక్కుల్లోని అర్థం కాని సంగతుల్లో ఒక్కటి తీసుకుని మాట్లాడటం. పది నిమిషాలు ఒకరికొకరు ప్రార్థన, రెండేసి వాక్యాల్లో, పేర్లతో. మిగతాది ఒక పాట, కబుర్లు. పెద్దవారు మూడో వంతుకు మించి మాట్లాడితే అది ఇంకో ప్రసంగమవుతుంది, పిల్లలు మూడో వారానికి రారు. జవాబు తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి అయ్యగారిని అడిగి వచ్చే వారం చెప్పండి. పిల్లలు జవాబు కంటే ఆ నిజాయితీనే ఎక్కువ రోజులు గుర్తుపెట్టుకుంటారు.

మొదటి కలయికకు మార్కు 9 తీసుకోమని గట్టిగా చెప్తాం. కొండ మీద వెలుగు చూసిన పేతురు ఇక్కడే మూడు పర్ణశాలలు కట్టుకుందామంటాడు. దిగి వచ్చేసరికి కింద రోగంతో కొట్టుకునే పిల్లవాడు, ఏమీ చేయలేక నిలబడ్డ శిష్యులు, నమ్ముతున్నాను గానీ నా అపనమ్మకానికి సాయం చేయమని ఏడ్చే తండ్రి. క్యాంపు నుంచి దిగి వచ్చిన పిల్లలకు తమ జూన్ నెల అందులో కనబడుతుంది. మీరేమీ వివరించనక్కర్లేదు. కొండ మీద ఎవరెవరు ఉన్నారు, కింద ఎవరెవరు ఉన్నారు, మీరిప్పుడు ఎక్కడున్నారు అని మూడు ప్రశ్నలు అడిగి ఆగండి.

దీన్ని కొత్తగా పుట్టించనక్కర్లేని చోట్లు చాలా ఉన్నాయి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుళ్లలో పిల్లల్ని సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకునే ముందు చెప్పే కన్ఫర్మేషన్ తరగతులున్నాయి, బాప్టిస్టు సంఘాల్లో బాప్తిస్మానికి ముందు చెప్పే పాఠాలున్నాయి. క్యాంపులో తీర్మానం చేసుకున్న పిల్లల పేర్లను నేరుగా ఆ తరగతుల్లోకి చేర్చితే ఖర్చు లేకుండా ఏడాది పాటు ఒక మనిషి దొరుకుతాడు. డిగ్రీకో ఇంజినీరింగుకో అనంతపురం, తిరుపతి వెళ్లే పిల్లలకు కాలేజీల్లో ఈయూ (ఇవాంజెలికల్ యూనియన్) విద్యార్థి సహవాసాలున్నాయి. అవి 1954లో ఏర్పడిన యూఈఎస్ఐ అనే క్రైస్తవ విద్యార్థి సంస్థకు చెందినవి. పిల్ల వెళ్లాక వెతుక్కోమనడం కాదు, వెళ్లే ముందే అక్కడి విద్యార్థి ఒకరితో ఫోన్లో మాట్లాడించి పంపాలి.

చాలా క్యాంపులు తప్పుచేసేది పేర్లు అప్పగించడంలోనే. తీర్మానం చేసుకున్న పిల్లల చేత డెసిషన్ కార్డులు నింపిస్తారు, అవి కట్టగా ఎవరి ఇంట్లోనో ఉండిపోతాయి. కార్డు మీద పిల్ల పేరు, ఊరు, తల్లిదండ్రుల నంబరు, జూన్‌లో ఎక్కడ చదవబోతుంది, ఎవరి సంఘం అన్న ఐదూ ఉండాలి. క్యాంపు ముగిసిన వారంలోపు ఆ సంఘం అయ్యగారి చేతికి అందాలి, అందినట్టు ఫోను రావాలి. నలుగురేసి పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్లను ఏప్రిల్‌లోనే ఎంచుకుని, క్యాంపులోనే ఒక పూట ఆ పిల్లలతో కూర్చోబెట్టాలి. క్యాంపు అయ్యాక వెతికితే అందరూ పొలం పనులనో, డ్యూటీ అనో అంటారు, పిల్లలకూ ముఖం కొత్తగా ఉంటుంది.

వరసగా మూడు ఆదివారాలు రాని పిల్లవాడి ఇంటికి వెళ్లండి. ఆదివారం వెళ్లకండి, అది హాజరు అడగడానికి వచ్చినట్టుంటుంది. బుధవారమో గురువారమో సాయంత్రం ఆరు తర్వాత, ఒక్కరే కాకుండా ఇద్దరు. "ఏమప్పా, గుడికి రాలేదే?" అనకండి. కూర్చోండి, ఇచ్చిన టీ తాగండి, వాడు ఆడే ఆట గురించో రాసిన పరీక్ష గురించో అడగండి. లేచేముందు వాడి కోసం, వాళ్ల అమ్మ కోసం పేరు పెట్టి చిన్న ప్రార్థన చేయండి. నోటుబుక్కు అయిపోయిందేమో కనుక్కోండి. అయిపోయి ఉంటే ఇచ్చి రావడానికి సంచిలో కొత్తదొకటి ఉంచుకోండి.